బాండింగ్ రాకపోతే ఎంపీసీ మానేయాలా?

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ఏడు నుంచి ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నాడు. మ్యాథ్స్ బాగా చేస్తాడు. కెమిస్ట్రీ అంటే మాత్రం వణుకు. మూలకానికీ సంయోగ పదార్థానికీ తేడా అడిగితే తడబడతాడు. బాండింగ్ (రసాయన బంధాలు) టెస్టులో 25కి 6 వచ్చాయి. ఎంపీసీ వద్దనుకుని ఎంఈసీలో (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) వేయమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: 25కి 6 అని రాశారు. ఏ ప్రశ్నలు తప్పాడో రాయలేదు. ఆ పేపరు మీరు విప్పి చూశారా అని నా అనుమానం.

ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. నిజానికి మీ భయం ఎంపీసీ గురించి కాదు, మూడేళ్ల ఫీజు వృథా అయిందేమోనని. వృథా కాలేదు గానీ, పని తలకిందులుగా జరిగింది. ఫౌండేషన్ మీద నాకు మొదటి నుంచీ పెద్ద నమ్మకం లేదు. ఇంటర్ ఫస్టియర్‌లో చెప్పాల్సిన హైబ్రిడైజేషన్‌ను (బంధాల్లో వచ్చే ఒక కష్టమైన పాఠం) తొమ్మిదో తరగతి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్న మెటీరియల్ చాలానే చూశాను. అక్షరాలు దిద్దకముందే ఛందస్సు నేర్పినట్టుంటుంది. కొందరు పిల్లలు తట్టుకుంటారు, కాదనను. తట్టుకోలేనివాళ్లు తమకు బుర్ర లేదనుకుంటారు. మీవాడు ఇప్పుడు అక్కడే ఉన్నాడు.

ఈ ఆదివారం టెస్టు పేపరు పక్కన పెట్టి వాడితో కూర్చోండి. సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది, అందుకే కిరోసిన్‌లో దాస్తారు. క్లోరిన్ 1915లో యుద్ధరంగంలో సైనికులను చంపిన విషవాయువు. ఈ రెండూ కలిస్తే మన ఆవకాయలో వేసే ఉప్పు! ఆ మంట, ఆ విషం ఏమయ్యాయని వాణ్నే అడగండి. సోడియం చివరి కక్ష్యలో ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది, క్లోరిన్‌కు చివరి కక్ష్య నిండడానికి ఒకటి తక్కువ. ఇది ఇచ్చేసింది, అది పుచ్చుకుంది. సంయోగ పదార్థమంటే ఏమిటో వాడికి అక్కడే తెలుస్తుంది.

తర్వాత మీరు దగ్గరుండి, ఒక మూకుడులో చక్కెర, ఇంకోదాంట్లో ఉప్పు వేసి వేడి చేయండి. చక్కెర కరిగి ఎర్రబడుతుంది. ఉప్పు చిటపటలాడుతుందే గానీ కరగదు, దానికి 801 డిగ్రీలు కావాలి. ఎలక్ట్రాన్ ఇచ్చిన, పుచ్చుకున్న పరమాణువులనే అయాన్లంటారు. ఉప్పులో ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి. చక్కెరలో ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య అంత పట్టు లేదు. అయానిక (ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే), సమయోజనీయ (చక్కెర అణువులోలా ఎలక్ట్రాన్లు పంచుకునే) బంధాల తేడా ఇలా చూసినవాడికి నిర్వచనం వల్లించే పనుండదు.

ఇక గ్రూపు సంగతి. జేఈఈ మెయిన్‌లో 300కి 100 కెమిస్ట్రీవే. ఎప్‌సెట్‌లో 160కి 40, మ్యాథ్స్‌కేమో 80. లెక్కలొచ్చిన పిల్లాడి చేతిలో సగం పేపరు ఉన్నట్టే కదా! ఎంఈసీ మంచి గ్రూపే, సీఏ చేయాలన్న కోరిక ఉంటే ఇంకా మంచిది. కానీ కెమిస్ట్రీని తప్పించుకోవడానికి అందులో చేరి, అకౌంట్స్ దగ్గర ఆగిపోయి మళ్లీ నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు.

తొమ్మిదో తరగతికి ఈ నిర్ణయంతో పనేంటండీ? పదో తరగతి సగమయ్యాక మళ్లీ రాయండి, అప్పటి పేపరు కూడా జత చేసి. ఈలోపు చుట్టాల ముందు ఆ 6 మార్కుల మాట ఎత్తకండి.