గలతీ పత్రికను సంఘానికి బోధించబోతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ పెదనాన్న శుభాలు చెప్పి రాసేది.

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల నుంచి శుక్రవారం ఉపవాస కూడికల్లో, అపొస్తలుడైన పౌలు గలతీ సంఘాలకు రాసిన పత్రికను వరుసగా బోధించాలనుకుంటున్నావనీ, బొట్టు, పూలు, గాజులు, దశమభాగం, విశ్రాంతి దినం గురించి సంఘంలో తగవులు తెగడం లేదు కనుక అయిదో అధ్యాయం మొదటి వచనంతో, అంటే స్వాతంత్ర్యంతోనే ఆరంభిస్తే మంచిదా అనీ అడిగావు. అక్కడ ఆరంభించవద్దు. మనం ఇక దాసులం కాదు, దేవుని బిడ్డలమని చెప్పే నాలుగో అధ్యాయం మొదటి ఏడు వచనాలు ముందు చెప్పు. తాను ఎవరి బిడ్డో తెలియని మనిషికి స్వాతంత్ర్యం గురించి ఎంత చెప్పినా అది మరో భయంగానే వినిపిస్తుంది. నలభై ఏళ్ల పరిచర్యలో నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఇది.

ఎలా నేర్చుకున్నానో కూడా చెబుతాను. గుంటూరు దగ్గర ఒక పల్లె సంఘంలో ఉన్నప్పుడు మలాకీ మూడో అధ్యాయం మీద గట్టిగా ప్రసంగించాను. పదో వంతు తేనివారు శాపగ్రస్తులన్న మాట దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. కొన్ని వారాల తరువాత ఒక రాత్రి, మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లే తల్లి ఒకామె మా గుమ్మంలోకి వచ్చింది. మిరప మంటకు ఆమె వేళ్ల కొసలు ఎర్రగా వాచి ఉన్నాయి. కొంగుముడి విప్పి, నలిగిన పది రూపాయల నోట్లు నా ముందు పెట్టి, "అయ్యగారూ, రెండు వారాలు దశమభాగం తేలేదు, పిల్లాడికి జ్వరం దిగడం లేదు, అప్పు చేసి తెచ్చాను, ప్రార్థన చేయండి" అంది. ప్రార్థన చేసి, ఆ డబ్బు మందులకు వాడమని తిరిగి ఇచ్చి పంపాను గాని, ఆమెకు దేవుణ్ణి వడ్డీ వ్యాపారిలా చూపించింది నేనేనన్న తలంపు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. బిడ్డ ఇంటికి తెచ్చి ఇవ్వడం వేరు, బాకీదారు భయంతో కట్టడం వేరు. ఆమె ఆ రాత్రి బాకీ కట్టడానికి వచ్చింది.

ఇక బోధించేటప్పుడు, వాక్యంలోని మాటలు మనవాళ్ల చెవికి ఎలా వినిపిస్తాయో ముందే ఆలోచించుకో. మూడో అధ్యాయం 24వ వచనంలో మోషే ధర్మశాస్త్రం మనకు "బాలశిక్షకుడు" అయిందని ఉంది. ఆ మాట వినగానే మనవాళ్లకు పెద్ద బాలశిక్షా, బడిపంతులూ గుర్తుకొస్తారు. పౌలు వాడిన గ్రీకు మాటకు ఉపాధ్యాయుడని అర్థం కాదు. ఇంటి పిల్లవాణ్ణి బడికి తీసుకుపోయి, దారి తప్పితే దండించి, మళ్లీ ఇంటికి చేర్చే దాసుడతను. పిల్లవాడు ఎదిగిన నాడు అతని పని ముగుస్తుంది. ధర్మశాస్త్రం చెడ్డదని పౌలు ఎక్కడా అనలేదు. ఇది నిదానంగా చెప్పు, లేకపోతే పాత నిబంధననే తోసేస్తున్నావని పెద్దలు అనుకుంటారు.

నాలుగో అధ్యాయం అయిదో వచనంలోని దత్తత అన్న మాట దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాలి. మన ఊళ్లలో పిల్లలు లేనివారు వంశం నిలవాలని దత్తత తీసుకోవడమే అందరూ ఎరిగినది కనుక, దత్తపుత్రుడంటే కన్నబిడ్డ కంటే ఒక మెట్టు తక్కువ అన్న భావం వినేవారి మనసులో ఉంటుంది. గలతీయులు రోమా పాలనలో ఉన్నవారు, వారికి ఆ మాట బరువు వేరు. క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 50లో నీరోను దత్తత తీసుకున్నాడు. తరువాత తన కూతురు ఒక్తావియను అతనికిచ్చి పెళ్లి చేయాలంటే, చట్టం దృష్టిలో వారిద్దరూ తోబుట్టువులు అయిపోయారు కనుక, ముందు ఆమెను మరో కుటుంబానికి దత్తత ఇవ్వవలసి వచ్చిందని చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. నీరో ఎటువంటివాడో లోకానికి తెలుసు, ఆ మనిషిని పక్కన పెట్టి ఆ దత్తత ఎంత గట్టిదో చూడు.

మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటి ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు కనుక, మన దంపతులు ఒక బిడ్డను తెచ్చుకుని పెంచుకోవాలంటే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకు వెళ్లి, ఆ బిడ్డకు సంరక్షకులుగా మాత్రమే ఉండవలసి వచ్చేది. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, 2006లో దానికి జరిగిన సవరణ మనవాళ్లు కూడా దత్తత తీసుకునే దారి తెరిచాయి. అంతకు చాలా ముందు మా సంఘంలో ఒకాయన అలా ఒక ఆడపిల్లను తెచ్చుకున్నాడు. కోర్టు కాగితం నాకు చూపించి, "ఇది మేజరయ్యాక నేను దీనికి ఏమవుతాను అయ్యగారూ?" అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. ఏళ్లు గడిచి, ఆ పిల్ల పెళ్లినాడు వివాహ రిజిస్టరులో తండ్రి పేరు రాయవలసిన చోట నా కలం ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని, "మా నాన్న పేరు రాయండి" అంది. నాలుగో అధ్యాయం రెండో వచనంలోని "సంరక్షకులు" అన్న మాటకూ ఆరో వచనంలోని "తండ్రీ" అన్న పిలుపుకూ నడుమ ఉన్న దూరం నాకు ఆనాడు తెలిసింది.

ఆ వచనంలో "అబ్బా" అన్నది అరామిక్ మాట. తెలుగువాడు నొప్పి కలిగితే అబ్బా అంటాడు కనుక మూలుగుగా వినేవారు ఉంటారు. మన ఊరి ముస్లిం ఇళ్లలో పిల్లలు తండ్రిని అబ్బా అని పిలవడం అందరూ విన్నదే, దాన్నే గుర్తుచేయి. అయితే మార్కు సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఆ మాట పలికింది గెత్సేమనేలో, మరణమంత దుఃఖంలో. కష్టంలో ఉన్నవాడు కూడా బిడ్డగానే పిలవవచ్చని చెప్పడానికి అది నీకు మంచి ఆధారం.

గాజుల సంగతి తప్పక వస్తుంది. ఎన్నో ఏళ్ల కిందట గాజులు తీసేసిన పెద్దామెను మళ్లీ వేసుకోమని ఎవరూ ఒత్తిడి చేయకుండా చూడు, అది స్వాతంత్ర్యం పేరుతో పెట్టే మరో చట్టమవుతుంది. పొరుగు సంఘపు పాస్టరుగారి పేరు ఎత్తవద్దు. కానీ గాజులు వేసుకున్న కోడలి పక్కన ప్రభురాత్రి భోజనానికి కూర్చునేది లేదని ఎవరైనా అంటే మాత్రం మెత్తబడకు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం మానుకున్నప్పుడు పౌలు అందరి ఎదుటే నిలదీశాడు.

"అయితే ఇష్టం వచ్చినట్టు బతకవచ్చా?" అని ఒకరు అడుగుతారు. కోపగించుకోకు, స్వాతంత్ర్యాన్ని శరీర ఇచ్ఛలకు వాడుకోక ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమనే అయిదో అధ్యాయం 13వ వచనం చదివించి, పొలంలో నీరు కట్టే సంగతి చెప్పు. కూలికి వచ్చినవాడు పొద్దు వాలగానే పార కడుక్కుంటాడు. ఆ ఇంటి కొడుకును ఎవరూ ఆపకపోయినా చివరి మడి తడిసేదాకా గట్టు మీదే ఉంటాడు.

మొదటి శుక్రవారం గంటసేపు ప్రసంగించవద్దు. ఏడు వచనాలు రెండుసార్లు చదివించి, కొంచెం చెప్పి, చాప మీద వారి మధ్యనే కూర్చుని అడగనివ్వు. ఎవరు ఏమి అడిగారో, ముఖ్యంగా ఆడవాళ్లు ఏమి అడిగారో, వివరంగా నాకు రాయి.

ప్రభువులో నీ క్షేమం కోరే,
పెదనాన్న