కెమెరాను నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో చేరి 4 సంవత్సరాల 5 నెలలైంది. కోతలు పోను చేతికి 38,000 రూపాయలు వస్తుంది. ఇంటి అప్పు వాయిదాతో కలిపి నెల ఖర్చు 36,000 దాకా ఉంటుంది. మూడేళ్లుగా సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తున్నాను. నిరుడు 22 పెళ్లిళ్లకు 7,40,000 రూపాయల పని జరిగింది. రెండో కెమెరామన్ కూలి, ఆల్బమ్‌ల ప్రింటింగ్, ప్రయాణాల కింద 3,10,000 ఖర్చయింది. 90,000 ఇంకా వసూలు కావాలి. పనిదినాల్లో ముహూర్తాలు పడి, సెలవు దొరకక 11 పెళ్లిళ్లు వదులుకున్నాను. జీతం కన్నా కెమెరా సంపాదనే ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకా ఉద్యోగం ఎందుకనిపిస్తోంది. మధుమేహం ఉన్న మా అమ్మగారు కూడా సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమాలోనే ఉన్నారు. ఎప్పుడు మానేయడం మంచిది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లెక్కలు రాసి పంపినందుకు ముందుగా అభినందనలు; ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది రాబడి ఒక్కటే రాస్తారు. అయితే మీరు జీతంతో పోల్చిన 7,40,000 మీ సంపాదన కాదు, జరిగిన పని విలువ. ఖర్చులు పోతే 4,30,000 మిగిలింది. కెమెరా, లెన్సులు, కంప్యూటర్ కొన్నేళ్లకు మార్చక తప్పదు కనుక ఏటా 80,000 పక్కన పెట్టాలనుకుందాం, అప్పుడు 3,50,000. రావలసిన 90,000 తీసేస్తే నిరుడు నిజంగా మీ చేతికి అందింది 2,60,000, అంటే నెలకు 22,000 లోపే. మీ ఇంటికి ఏడాదికి కావలసింది 4,32,000.

వదులుకున్న 11 పెళ్లిళ్లూ మీకు అనుకూలమైన లెక్కే. సగటున పెళ్లికి 33,600 చొప్పున, ఇదే నిష్పత్తిలో ఖర్చు తీసేస్తే వాటిమీద మరో 2,15,000 మిగిలేది. రెండూ కలిస్తే 4,75,000. ఇల్లు గడుస్తుంది కానీ, ఒక్క సీజన్ తప్పితే తట్టుకునే వెసులుబాటు అందులో లేదు. పైగా మీ వృత్తిలో సీజన్ తప్పడం అరుదైన సంగతేమీ కాదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఏటా ఉండేవే. వాటికి మూఢాలు తోడైతే పరిస్థితి ఎలా ఉంటుందో 2024లో చూశాం: గురు, శుక్ర మౌఢ్యాల వల్ల మామూలుగా పెళ్లిళ్లు ముమ్మరంగా జరిగే మే, జూన్ నెలలు రెండూ ముహూర్తాలు లేకుండా గడిచిపోయాయి. ఆ రెండు నెలలూ జీతం వచ్చింది కనుక మీకు ఆ లోటు తెలిసి ఉండదు. కాబట్టి కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,16,000 రూపాయలు, కెమెరా డబ్బుతో కలవని వేరే ఖాతాలో చేరేదాకా రాజీనామా మాట ఎత్తవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ ధర. ఇప్పుడు మీరు చెబుతున్న ధరను మీ జీతం మోస్తోంది. రాత్రిళ్లు కూర్చుని చేసే ఎడిటింగ్‌కు మీరు కూలి వేసుకోవడం లేదు. బేరమాడితే తగ్గడానికీ వెనుకాడి ఉండరు, ఎందుకంటే ఇంటి బియ్యం ఆ డబ్బుతో రావడం లేదు. అందుకని ఉద్యోగంలో ఉండగానే, ఉద్యోగం లేనట్టు ధర చెప్పి చూడండి. కొత్తగా అడిగేవారికి 33,600 బదులు 42,000 చెప్పి, అడ్వాన్సు సగం తీసుకుని, మిగిలినది ఆల్బమ్ చేతికిచ్చే ముందే వసూలు చేస్తానని రాసి ఇవ్వండి. ఇంతకాలం మొహమాటానికి పోయారని ఆ 90,000 బకాయే చెబుతోంది. ఒక సీజనంతా ఇలా చేసినా అడిగినవారిలో సగానికి పైగా మీ దగ్గరే ఆగితే, మీ పనికి గిరాకీ ఉన్నట్టు. ఆగకపోతే ఇప్పటిదాకా వచ్చినవారు తక్కువ ధర చూసి వచ్చారన్నమాట. ఆ 22 పెళ్లిళ్లలో బంధువులవి, సహోద్యోగులవి ఎన్నో కూడా లెక్కపెట్టండి. చుట్టరికం వల్ల వచ్చే పని కొంతకాలానికి ఆగిపోతుంది. ఒక పెళ్లిలో మీ పని చూసి, ముఖపరిచయం లేనివారు ఫోన్ చేయడం అసలైన గుర్తు.

మీ విషయంలో ఇంకో ఏడు నెలలు ఆగడానికి గట్టి కారణం ఉంది. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి సంస్థ ఇచ్చే మొత్తానికి, అర్హత వస్తుంది. మూల వేతనం 20,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15 రోజుల చొప్పున అయిదేళ్లకు లెక్కిస్తే సుమారు 57,700 రూపాయలు వస్తుంది. భవిష్య నిధిని అయిదేళ్ల సర్వీసు నిండకముందే తీసుకుంటే పన్ను కూడా పడుతుంది. ఆ నిధితో కొత్త కెమెరా కొనే ఆలోచన ఉంటే మానుకోండి. అది మీ ముసలితనానికి దాచుకున్న డబ్బు.

అమ్మగారి బీమాను మాత్రం ఇవాళే చూడండి. సంస్థ బీమా మీ ఉద్యోగంతోనే ఆగిపోతుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు, అంటే అది ముగిసేదాకా ఆ జబ్బుల చికిత్సకు బీమా డబ్బు రాదు. ఆ గడువు ఉద్యోగంలో ఉండగానే మొదలవడం మేలు. మధుమేహాన్ని దరఖాస్తులో దాచకండి. ఆ ప్రీమియాన్ని పైన చెప్పిన ఇంటి ఖర్చులో కలుపుకోండి.

పన్ను లెక్కల గురించి మీకు చెప్పనవసరం లేదు, అది మీ వృత్తే. అయినా పెళ్లిళ్ల ఆదాయాన్ని ఈ ఏడాది నుంచే రిటర్నులో చూపండి; స్వయం ఉపాధి వారికి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి అవుతుంది, మీరు ఇంకా ఆ దరిదాపుల్లో లేరు. బయటి పని చేయకూడదన్న షరతు నియామక పత్రంలో ఉందేమో ఒకసారి చదవండి.

మూఢంలోనూ ఆగని శుభకార్యాలున్నాయి: సీమంతం, బారసాల, అన్నప్రాసన, పుట్టినరోజు. నగల దుకాణాలకు, వస్త్ర దుకాణాలకు ప్రకటనల ఫొటోలూ కావాలి. వీటికి ఈ ఏడు నెలల్లో కొద్దిగానైనా దారి వేసుకోండి. రాజీనామా తేదీకి పంచాంగం చూడమని చెబితే నవ్వుకోకండి, మీ రాబడి నడిచేది దానిమీదే. అయిదేళ్లు నిండిన తర్వాత వచ్చే మొదటి పెద్ద సీజన్ ఏ నెలలో మొదలవుతుందో చూసుకుని, నోటీసు గడువు దానికి సరిగ్గా ముందు ముగిసేలా ఉత్తరం ఇవ్వండి.