కస్టమర్లతో సరే, ఇంట్లో మనిషితో?

ప్రశ్న: అక్కా, నేను రాజమండ్రి వైపు లాడ్జీల్లో వృత్తి చేస్తాను. కస్టమర్ ఎవరైనా కండోమ్ లేకుండా ఒప్పుకోను. అయిదొందలు ఎక్కువిస్తానన్నా పంపించేస్తాను. కానీ నాలుగేళ్లుగా ఒకతను నాతో ఉంటున్నాడు. మా బాబు స్కూలు ఫీజు అతనే కడతాడు. అతనితో మాత్రం వాడను. అడిగితే "నన్నూ వాళ్లలో కలిపేశావా" అంటాడు. ఈమధ్య తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి. టెస్టంటే టెన్షన్, పేరు బయటికొస్తుందేమోనని. పోలీసులు బ్యాగులో కండోమ్‌లు చూస్తే కేసు పెడతారని ఇంకో భయం. ఏం చేయను?
– ఒక చెల్లెలు

జవాబు: చెల్లీ, గోదావరి జిల్లాల్లో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా పనిచేసినన్నాళ్లూ ఈ మాట ఎంతోమంది నోట విన్నాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు అవగాహన లేదని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. నాకది ఒళ్లు మండే మాట. 2003లో గేట్స్ ఫౌండేషన్ వాళ్ల హెచ్ఐవీ నివారణ కార్యక్రమం అవాహన్ మొదలయ్యాక మన దగ్గర సాటి మహిళలే పీర్ ఎడ్యుకేటర్లుగా లాడ్జీలకు, రోడ్డు పాయింట్లకు వెళ్లి చెక్క నమూనా మీద కండోమ్ తొడిగి చూపించారు. కొసన గాలి లేకుండా వేళ్లతో నొక్కిపట్టి తొడగాలనీ, రెండు కలిపి వేస్తే రాపిడికి చిరుగుతాయనీ, కొబ్బరినూనె రాస్తే రబ్బరు పాడవుతుందనీ వాళ్లు చెప్పినంత బాగా నేనూ చెప్పలేను.

తెలిసీ వాడలేకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. వడ్డీ కట్టాల్సిన రోజున ఆ అయిదొందలు కొండంత కనబడతాయి. కస్టమర్ తాగి ఉంటే మాట వినడు. పోలీసులు తరుముతుంటే బేరం మాట్లాడే తీరికే ఉండదు. వీటన్నిటికంటే గట్టిది నువ్వు రాసిందే. నమ్మిన మనిషి దగ్గర కండోమ్ తీస్తే నమ్మకం లేదన్నట్టు అవుతుంది. సర్వేల్లో కూడా కస్టమర్లతో వాడకం ఎక్కువ, ఇంట్లో మనిషితో తక్కువ అనే తేలుతూ వచ్చింది.

అతన్ని అనుమానిస్తున్నట్టు మాట్లాడకు. "నా వృత్తిలో ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకటి చిరగొచ్చు. నా వల్ల నీకేమీ రాకూడదు" అని చెప్పు. నిజం కూడా అదే. నిన్ను కాపాడుకోవడానికంటే అతన్ని కాపాడటానికని అడిగితే మగవాడికి రోషం తగ్గుతుంది. నా బల్ల దగ్గర ఇది చాలాసార్లు పనిచేసింది. కొట్టే మనిషైతే మాత్రం ఒంటరిగా ఈ మాట ఎత్తకు, పీర్ ఎడ్యుకేటర్‌ను తోడు పెట్టుకో.

తెల్లబట్ట, నొప్పి ఉన్నాయన్నావు కాబట్టి ముందు ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు వెళ్లు, ఈ వారంలోనే. సుఖవ్యాధి ఉంటే హెచ్ఐవీ అంటుకోవడం తేలికవుతుంది. అలాంటిదేదైనా తేలితే అతనూ మందులు వాడాలి, లేకపోతే మళ్లీ నీకే వస్తుంది. కండోమ్ మాట ఎత్తడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

అక్కడే ఐసీటీసీలో, అంటే కౌన్సెలింగ్, పరీక్ష చేసే కేంద్రంలో, హెచ్ఐవీ పరీక్ష ఉచితం. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం, అందులో చెప్పిన కొన్ని మినహాయింపులు తప్పిస్తే, నీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఎవరికీ చెప్పకూడదు. ఈమధ్యే కండోమ్ చిరిగి ఉంటే మూడు నెలలు నిండాక ఇంకోసారి చేయించుకో. ఇకముందు ఎప్పుడైనా చిరిగితే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ అంటకుండా 28 రోజులు వాడే మందులుంటాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఒకవేళ పాజిటివ్ వచ్చినా వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితమే. రోజూ వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలబడితే సంభోగం ద్వారా ఎదుటివాళ్లకు అంటదు.

ఇక పోలీసుల సంగతి. సెక్స్ వర్కర్లు ఆరోగ్యం కోసం వాడే కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూడకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కిందిస్థాయి వరకు ఆ మాట ఇంకా చేరలేదు, అదే నా బాధ. ఎవరైనా ఇబ్బంది పెడితే మీ దగ్గరి స్వచ్ఛంద సంస్థ వాళ్లకు వెంటనే ఫోన్ చెయ్యి. వాళ్లెవరో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి చెయ్యి, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు. టెస్టుకు ఎక్కడికెళ్లాలో కూడా వాళ్లే చెబుతారు.