ఏడు సీట్లంటే ఏడుగురికీ చోటుందని కాదు: అమెరికాలో ఎస్‌యూవీ కొనేముందు

"పిల్లలిద్దరు, వేసవిలో అమ్మానాన్న వస్తారు. ఏ ఎస్‌యూవీ తీసుకోవాలి?" అమెరికా వచ్చిన కొత్తలో ఎక్కువమంది ఇలాగే అడుగుతారు. కంపెనీ పేరుతో మొదలుపెట్టకండి. మూడో వరస సీట్లు ఏడాదిలో ఎన్ని రోజులు వాడతారో ముందు లెక్కేసుకోండి. నాలుగైదు సార్లకు మించదనుకుంటే హోండా సీఆర్‌వీ, టొయోటా రావ్‌ఫోర్ లాంటి రెండు వరసల బండి చాలు. ఆ నాలుగైదు సార్లూ మినీవ్యాన్ అద్దెకు తీసుకున్నా డబ్బు మిగులుతుంది. పెద్దవాళ్లు వచ్చి నెలల తరబడి ఉంటారనుకుంటేనే మూడు వరసల సంగతి ఆలోచించండి.

మూడో వరస లేపి ఉంచితే డిక్కీలో మిగిలే చోటు ఎంతో చూడండి. 2020 మోడల్‌తో మొదలైన తరం టొయోటా హైలాండర్‌లో అది 16 ఘనపు అడుగులు. 2023 మోడల్‌తో మొదలైన తరం హోండా పైలట్‌లో 18.6, టొయోటా గ్రాండ్ హైలాండర్‌లో 20.6, 2020 మోడల్‌తో మొదలైన తరం కియా టెల్యురైడ్‌లో 21. విమానంలో చెక్-ఇన్ చేసే పెద్ద సూట్‌కేసు, 28 x 20 x 14 అంగుళాలది, ఒక్కటే నాలుగున్నర ఘనపు అడుగులు ఆక్రమిస్తుంది. అంటే కాగితం మీద 16లో మూడు పట్టాలి. కానీ వెనక అద్దం లోపలికి వాలి ఉంటుంది కాబట్టి తలుపు మూసేసరికి చాలాసార్లు రెండుతోనే సరిపెట్టుకోవాలి. ఆరుగురు మనుషులు, ఆరు సూట్‌కేసులతో విమానాశ్రయం నుంచి ఇంటికి రావాలంటే ఈ బండ్లలో ఏదీ చాలదు. టొయోటా సియెన్నా, హోండా ఆడిసీ మినీవ్యాన్లలో అదే చోటు దాదాపు 33 ఘనపు అడుగులు. మినీవ్యాన్ అనగానే మొహం తిప్పేసుకోకండి. ఒక్కసారి పక్కపక్కన నిలబెట్టి చూడండి.

ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ఇంకా ముఖ్యం. ఆ హైలాండర్ మూడో వరసలో కాళ్లకున్న చోటు 27.7 అంగుళాలే, గ్రాండ్ హైలాండర్‌లో 33.5. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వంగి వెనక్కి ఎక్కమనడం అన్యాయం. వాళ్లు రెండో వరసలో, పిల్లలు మూడో వరసలో కూర్చోవాలి. అక్కడే చిక్కు వస్తుంది. పిల్లల సీటు బిగించే కింది కొక్కేలు, అంటే లోయర్ యాంకర్లు, చాలా బండ్లలో రెండో వరస పక్క సీట్లకే ఉంటాయి. మూడో వరసలో ఒక్క సీటుకే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. ఓనర్స్ మాన్యువల్లో బొమ్మ చూసి లెక్కపెట్టండి. లోయర్ యాంకర్ లేకపోతే సీటు బెల్టుతో బిగించవచ్చు, అదీ అంతే భద్రం. కానీ ముందుకు తిరిగి ఉండే సీటుకు పైన కట్టే టాప్ టెథర్ కొక్కెం ఉండి తీరాలి.

షోరూముకు వెళ్లేటప్పుడు మీ పిల్లల సీటు వెంట తీసుకెళ్లండి. వెనక్కి తిరిగి ఉండే సీటును డ్రైవర్ వెనక బిగించి, ఇద్దరిలో పొడుగైనవాళ్లు స్టీరింగ్ ముందు కూర్చోండి. మోకాలు డ్యాష్‌బోర్డుకు తగులుతుంటే ఆ బండి మీకు కాదు. బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పిల్లవాడి బరువు, సీటు బరువు కలిపి 65 పౌండ్లు దాటితే లోయర్ యాంకర్లు వదిలేసి సీటు బెల్టు వాడాలి. రెండో వరస బెంచీ అయితే దానిలో సులువుగా జరిగే భాగం మీద పిల్లల సీటు పెట్టకండి, మూడో వరసకు దారి మూసుకుపోతుంది. విడివిడి సీట్లు, అంటే కెప్టెన్ చెయిర్లు అయితే మధ్యలోంచి నడిచి వెళ్లొచ్చు, కాకపోతే ఒక సీటు తగ్గుతుంది.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. నలుగురు పెద్దలు 640, ఇద్దరు పిల్లలు 100, వాళ్ల సీట్లు 50, ఆరు సూట్‌కేసులు 300 వేసుకుంటే 1,090 పౌండ్లు. పైన పెట్టె కడితే అదీ ఇందులోకే వస్తుంది. ఒకే మోడల్‌లో సన్‌రూఫ్, ఖరీదైన హంగులు పెరిగే కొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అందుకే బ్రోచర్ కాదు, కొనబోయే బండి స్టిక్కరే చదవాలి.

ఇక మన్నిక. పూర్తిగా మార్చిన మోడల్‌ను మొదటి ఏడాది కొనకండి, రెండో ఏడాదికి చాలా లోపాలు సర్దుకుంటాయి. పాతది కొంటుంటే ఇంజిన్ గురించి అడగండి. పైలట్ వి6కు, అంటే ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు, వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు ఉంటుంది, లక్ష మైళ్ల ప్రాంతంలో మార్చాలి. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవుతుంది. 90 వేల మైళ్ల దగ్గర అమ్మకానికి వచ్చిన బండి అయితే ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది, బేరంలో తగ్గించుకోండి. 2008 మోడల్ నుంచి హైలాండర్ వి6కు బెల్టు బదులు చెయిన్ కాబట్టి ఆ బెడద లేదు. హ్యుందాయ్, కియాల 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మొదటి యజమానికే. చేతులు మారితే 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్లే, కంపెనీ సర్టిఫై చేసిన పాత బండి అయితే తప్ప.

ఏడాదికి 12 వేల మైళ్లు తిరిగితే, గ్యాలన్‌కు 24 మైళ్లిచ్చే బండికి 500 గ్యాలన్లు కావాలి, 36 ఇచ్చే హైబ్రిడ్‌కు 333 చాలు. గ్యాలన్ మూడున్నర డాలర్లయితే ఏడాదికి దాదాపు 580 డాలర్ల తేడా. హైబ్రిడ్‌కు అదనంగా అడిగే ధరను దానితో భాగిస్తే ఎన్నేళ్లలో తిరిగొస్తుందో తెలిసిపోతుంది. నాలుగు చక్రాలనూ ఇంజిన్ తిప్పే ఆల్ వీల్ డ్రైవ్ మంచులో బండిని కదిలిస్తుంది గానీ త్వరగా ఆపదు, ఆపేది టైర్లే. పైగా ఒక్క టైరు పోయినా, మిగతావి బాగా అరిగి ఉంటే నాలుగూ మార్చాల్సి రావచ్చు. టైరు మీద డీవోటీ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 3521 అంటే 2021లో 35వ వారం తయారైందని.

పాత బండికి 17 అక్షరాలు, అంకెల విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టి, పెండింగ్ రీకాల్స్, అంటే కంపెనీ ఉచితంగా సరిచేయాల్సిన భద్రతా లోపాలు, ఉన్నాయేమో చూడండి. అది ఉచితం. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ లేదా రీబిల్ట్, అంటే బాగా దెబ్బతిన్నదనో, అలా దెబ్బతిన్నాక బాగుచేసిందనో ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌తో పరీక్ష చేయించండి. అందుకు ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనొద్దు.

ధర అడిగేటప్పుడు నెలవారీ కిస్తీ మాట ఎత్తకండి. పన్నులు, రిజిస్ట్రేషన్, డాక్ ఫీజు (డీలర్ కాగితాల ఖర్చు) అన్నీ కలిపిన అవుట్ ద డోర్ ధర రాతపూర్వకంగా అడగండి. టైర్లలో నైట్రోజన్, రంగు రక్షణ, అద్దాల మీద విన్ చెక్కడం లాంటివి జాబితాలో కనిపిస్తే తీసేయమనండి. క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లు డీలర్ దగ్గరికి వెళ్లకముందే ఒక క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) లోన్ రేటు తెలుసుకోవాలి. కొందరు లోన్ ఇచ్చేవాళ్లు వీసా గడువును బట్టి ఎన్ని నెలలకివ్వాలో నిర్ణయిస్తారు, ఇమిగ్రేషన్ ఆమోదం తెలిపే ఐ-797 కాగితం దగ్గర పెట్టుకోండి. బట్టల దుకాణంలోలా మర్నాడు వెనక్కిచ్చేయొచ్చని మాత్రం అనుకోకండి. డీలర్ షోరూములో సంతకం పెట్టిన బండికి, మూడు రోజుల్లో రద్దు చేసుకునే ఫెడరల్ నిబంధన వర్తించదు. అందుకే కాగితాలు ముందుగా ఈమెయిల్లో తెప్పించుకుని ఇంట్లో కూర్చుని చదవండి.