గుండ్లకమ్మ డ్యాం దగ్గర కరెంటు తీయొచ్చా?

మల్లవరం దగ్గర గుండ్లకమ్మ డ్యాంకి 15 గేట్లున్నాయి, వరదొస్తే నీళ్లన్నీ సముద్రం పాలవుతున్నాయి, చిన్న పవర్‌హౌస్ కడితే మద్దిపాడు చుట్టుపక్కలకైనా కరెంటు రాదా అని అడిగారు. మా పొలం ఆ కాలువ కిందే. పైగా సాగర్ కాలువ మీద ఒక మినీ హైడల్‌లో కొన్నాళ్లు ఆపరేటర్‌గా చేశాను. వస్తుందండీ, కానీ మీరనుకున్నంత రాదు.

లెక్క సులువే. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు, ఎన్ని మీటర్ల ఎత్తు నుంచి పడుతోందో గుణించి, మళ్లీ 8తో గుణిస్తే సుమారుగా కిలోవాట్లు. గుండ్లకమ్మ నిండితే 3.859 టీఎంసీలు. అదంతా 10 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్‌లోకే వదిలామనుకున్నా దాదాపు 24 లక్షల యూనిట్లు. ఒక మెగావాట్ మిషన్ వంద రోజులు తిరిగితే వచ్చేది అంతే. నీటిమట్టంతో పాటు ఎత్తూ తగ్గుతుంది కాబట్టి నిజంగా అదీ రాదు. శ్రీశైలంలో రెండు గట్లూ కలిపి 1,670 మెగావాట్లంటే కృష్ణ నీళ్లే కాదు, ఆ లోయ లోతు కూడా కలిసొచ్చింది. మనది సముద్రం దగ్గరి చదును నేల.

అసలు చిక్కు వేరే ఉంది. పొలాలకు నీరు దానంతటదే పారాలంటే కాలువ ఎత్తు మీద బయల్దేరాలి. టర్బైన్ బాగా తిరగాలంటే అదే నీటిని కింద ఏట్లోకి దించాలి. దించిన నీరు మళ్లీ కాలువ ఎక్కదు. ఒంగోలు తాగునీళ్లకీ ఈ డ్యాం నీళ్లు కావాలి, మరి ఎవరిది ఆపుతాం? వరద నీళ్లతో తిప్పుదామంటే తుఫానుకి వచ్చి నాలుగు రోజుల్లో పోయేవి అవి. వాటికి సరిపడా మిషన్ పెడితే మిగతా ఏడాదంతా తుప్పు పడుతుంది.

కాలువ డ్రాపుల దగ్గర, అంటే కాలువ నీరు ఒక్కసారిగా కిందికి దూకే చోట, చిన్న మిషన్లు పెట్టొచ్చు, మేం నడిపిందీ అలాంటిదే. కాలువకు నీళ్లు ఆపేస్తే పని లేదు. నీళ్లొస్తే టర్బైన్‌లోకి చెత్త పోకుండా పెట్టిన జాలీకి చుట్టుకున్న గుర్రపుడెక్క లాగడంతోనే సరి. పైగా ఇండక్షన్ జనరేటర్, లైన్లో కరెంటు ఉంటేనే అది కరెంటు ఇస్తుంది. సబ్‌స్టేషన్‌లో పోతే మాదీ ట్రిప్పయ్యేది. పక్కనే పవర్‌హౌస్ పెట్టుకుని చీకట్లో కూర్చున్న ఊరివాళ్లు మమ్మల్ని తిట్టేవాళ్లు, వాళ్ల తప్పేముంది!

మల్లవరంలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకొకటి కొట్టుకుపోయాయి. నన్నడిగితే పవర్‌హౌస్‌కి పెట్టే డబ్బేదో ముందు గేట్లకు పెట్టమంటాను.