మృదంగం మాన్పించిన ఇంట్లో సైట్రాన్స్

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నాడు. మ్యాథ్స్‌, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. సంక్రాంతికి ఇంటికి రాకుండా స్నేహితులతో గోవా వెళ్ళాడు. అప్పటినుంచి సైట్రాన్స్ అనే సంగీతం చేస్తానని, బీటెక్ మానేసి బెంగళూరులో ఏడాది మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమాలో చేరతానని ఒకటే గొడవ. ఫీజు నాలుగున్నర లక్షలు. ఇంటర్నెట్‌లో చూస్తే అది మత్తుమందుల సంగీతం అని ఉంది. చిన్నప్పుడు ఐదేళ్ళు మృదంగం నేర్చుకున్నాడు, పదో తరగతిలో మాన్పించాం. చుట్టాల్లో పరువు పోతోంది. డబ్బు పంపడం ఆపేశాను. బీటెక్, డిప్లొమా రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి మేడమ్.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. మీరు అడిగింది కోర్సు గురించి. నిద్రపట్టనివ్వనిది మాత్రం ‘మావాడు మత్తుకు అలవాటు పడ్డాడా’ అన్న భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కోర్సు పేరు మారుతుంది, భయం అదే. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

ఈ సంగీతానికీ మత్తుకూ సంబంధం లేదని చెబితే అబద్ధమే అవుతుంది. సైట్రాన్స్ అంటే సైకెడెలిక్ ట్రాన్స్. సైకెడెలిక్ అన్న మాటలోనే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాసన ఉంది. అలాగని వినేవాళ్ళందరూ వాడేవాళ్ళు కారు. వాడాడో లేదో వెళ్ళినవాడికే తెలుసు కాబట్టి మీవాణ్ణే అడగండి, కేకలేయకుండా. చట్టం సంగతి కూడా చెప్పండి. మత్తుపదార్థాలపై ఉన్న మన ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఎల్‌ఎస్‌డీ 0.1 గ్రాము దాటితే చాలు, అది వాణిజ్య పరిమాణమే. శిక్ష 10 ఏళ్ళకు తగ్గదు. ‘ఫ్రెండ్‌ది, కాసేపు జేబులో పెట్టుకున్నా’ అంటే కోర్టు అయ్యో పాపం అనదు. వాడిన మాట నిజమైతే 14446కు ఫోన్ చేయండి, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ అది. కాకపోతే ఈ విషయం మళ్ళీ మళ్ళీ ఎత్తకండి.

ఇక మీరు డబ్బు ఆపేయడం గురించి. కోపం వచ్చినా సరే, హాస్టల్ మెస్సు బిల్లు దగ్గర చూపించకూడదు సార్. బయటి ఊళ్ళో ఉన్న 19 ఏళ్ళ కుర్రాడికి ఇంటినుంచి డబ్బు ఆగిపోతే ఎవరు ఇస్తారో ఆలోచించారా? మీరు భయపడుతున్న మనుషులే ఇస్తారు. మీ ఉత్తరంలో పరువు ఉంది, ఫీజు ఉంది, ఇంటర్నెట్ ఉంది. వాడు చేసిన సంగీతం మీరు విన్నట్టు ఎక్కడా లేదు. ఈ రోజే డబ్బు పంపండి.

మనవైపు డీజే అంటే నిమజ్జనం ట్రాక్టరు మీద ఇంటి గోడలు అదరగొట్టే బాక్సులు. మీ కళ్ళ ముందు ఆ బొమ్మే ఆడుతున్నట్టుంది. మీవాడి బొమ్మ వేరు. అది తెలియకపోతే వాడితో మీ వాదన మొదటి నిమిషంలోనే ఆగిపోతుంది.

సైట్రాన్స్ పుట్టిల్లు ఉత్తర గోవాలోని అంజునా, వాగటోర్ తీరాలు. 1960ల చివరినుంచి యూరప్, అమెరికా హిప్పీలు అక్కడికి చేరారు. శాన్ ఫ్రాన్సిస్కోనుంచి 1970 ప్రాంతంలో వచ్చిన గిల్బర్ట్ లెవీ అనే కుర్రాడు గోవా గిల్‌గా పేరు తెచ్చుకుని 2023లో చనిపోయేదాకా పార్టీల్లో సంగీతం మోగించే పనిలోనే ఉన్నాడు. మొదట్లో అక్కడ మోగింది గిటార్ల రాక్ సంగీతమే. 1980ల మొదట్లో లారెంట్ అనే ఫ్రెంచి డీజే లాంటివాళ్ళు యూరప్ ఎలక్ట్రానిక్ పాటలు తెచ్చారు. ఆ పాటల్లోంచి గొంతు ఉన్న భాగాలు తీసేసి, బీటు ముక్కల్ని క్యాసెట్ల మీద అతికి రాత్రంతా నడిపించేవారు. క్యాసెట్లే ఎందుకంటే ఆ ఎండకు వినైల్ రికార్డులు వంకర్లు పోతాయి. 1987లో డ్యాట్ అనే డిజిటల్ టేపు వచ్చాక అది చేతికందింది. అందులో రికార్డు ప్లేయర్‌లోలాగా వేగం సర్ది ఒక పాటలోకి ఇంకోటి కలపడం కుదరదు. అందుకే పాటకు ముందూ వెనకా నిదానంగా సాగే భాగాలు చేరి, ఒక్కొక్కటీ ఏడెనిమిది నిమిషాలకు పెరిగింది. ఎండ, టేపు కలిసి ఒక సంగీతరూపాన్ని మలిచాయన్నమాట. నాకైతే ఈ కథలో ఇదే ఇష్టం.

అంజునాలో నాట్యం చేసి ఇంటికెళ్ళినవాళ్ళు 1990ల్లో లండన్‌లో స్టూడియోలు, లేబుళ్ళు (రికార్డు కంపెనీలు) పెట్టారు. 1993లో డ్రాగన్‌ఫ్లై, 1994లో టిప్. టిప్ పెట్టినవాళ్ళలో ఒకరు రాజారామ్. పేరు చూసి మనవాడనుకోకండి, ఆస్ట్రేలియా ఫ్లూట్ కళాకారుడు. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు దాటాయి. 1995లో హాలూసినోజెన్ పేరుతో ‘ట్విస్టెడ్’ ఆల్బమ్ చేసిన సైమన్ పోస్‌ఫర్డ్ దానికి ముందు స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. సైనిక సేవ ముగించుకుని మన దేశం తిరగడానికి వచ్చిన ఇజ్రాయెల్ కుర్రాళ్ళు దీన్ని తమ ఊళ్ళకు పట్టుకెళ్ళారు. 1996లో హైఫాలో మొదలైన ఇన్ఫెక్టెడ్ మష్రూమ్ జంట ఇద్దరూ చిన్నప్పుడు కీబోర్డు వాద్యాలను శాస్త్రీయ పద్ధతిలో నేర్చినవాళ్ళే. 1997నుంచి పోర్చుగల్‌లో బూమ్ ఉత్సవం, 1999 సూర్యగ్రహణం కోసం జనం చేరిన హంగరీలోని ఓజోరా, ఆపైన బ్రెజిల్... ఇలా పాకిపోయింది. ఈలోగా పేరు కూడా గోవా ట్రాన్స్‌నుంచి సైట్రాన్స్‌కు మారింది. గోవాలో మాత్రం ఆ పార్టీల్లో చాపలు పరిచి, కిరసనాయిలు దీపం పెట్టుకుని టీ అమ్మిన స్థానిక ఆడవాళ్ళకు, ఇళ్ళు అద్దెకిచ్చినవాళ్ళకు నాలుగు డబ్బులు మిగిలాయి. లేబుళ్ళు, రికార్డులు, పేరు సముద్రం దాటాయి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లపై ఆంక్షలు వచ్చాక తెల్లవార్లూ సాగే ఆ పార్టీలకు పుట్టినచోటే చిక్కులు మొదలయ్యాయి.

ఇదంతా చెప్పింది మీవాణ్ణి వెనకేసుకు రావడానికని అనుకోకండి. ఈ కథలో డిప్లొమా చదివి పైకొచ్చిన మనిషి ఒక్కడైనా కనిపించాడా? ఫ్లూట్ వాయించినవాడు, స్టూడియోలో వైర్లు చుట్టినవాడు, పసితనంనుంచి కీబోర్డు మీద వేళ్ళరిగినవాడు ఉన్నారు. అందుకే ఆ నాలుగున్నర లక్షల కోర్సు మీద నాకు నమ్మకం లేదు. పోస్టర్ మీద పెద్ద స్పీకర్లు, ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అన్న మాట ఉంటాయి. అసిస్టెన్స్ అంటే ఉద్యోగం కాదు, నాలుగు ఫోన్ నంబర్లు. డీజేని పిలిచే ఆర్గనైజరు సర్టిఫికెట్ అడగడు, పాట అడుగుతాడు. ఇలాంటి కోర్సులు చేసి నాకు మళ్ళీ ఉత్తరాలు రాసిన పిల్లలున్నారు. పెళ్ళి సంగీత్‌లకు వాయిస్తున్నవాళ్ళు, అదే సంస్థలో జూనియర్లకు పాఠాలు చెబుతున్నవాళ్ళు. తప్పేం లేదు, కష్టపడి తింటున్నారు. అయితే చేరేటప్పుడు వాళ్ళకు చూపించిన బొమ్మ అది కాదు. అయినా చేర్పించాలనుకుంటే, కిందటి బ్యాచ్ పిల్లలు చేసిన పది పాటలు వినిపించమనండి. వినిపించలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

నన్ను నవ్వించిన సంగతి ఒకటుంది. మీవాడు తప్పిన సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సబ్జెక్టే ఈ సంగీతానికి ప్రాణం. ఇందులో వినిపించే ఆ జిగురు జిగురు మెలికల ధ్వని రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే యంత్రానిది. బేస్ గిటార్ వాయించేవాడు లేనిచోట వాడుకోమని 1980ల మొదట్లో తెచ్చారు, కొనేవాళ్ళు లేక కొన్నేళ్ళకే ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొన్న కుర్రాళ్ళు దాని ఫిల్టర్ బుడిపెలు తిప్పి ఆ ధ్వని రాబట్టారు. ఆ ఫిల్టర్ మీవాడి పాఠ్యపుస్తకంలో ఉంది. నిమిషానికి 145 బీట్ల పాటలో ఒక్కో బీటును నాలుగు భాగాలు చేసి, మొదటిదాంట్లో కిక్ (డ్రమ్ము దెబ్బ), మిగతా మూడింట్లో బేస్ (మంద్ర ధ్వని) పెడతారు. ఒక్కో భాగం సెకనులో పదో వంతు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ధ్వని బురదైపోతుంది. ఎందుకలా అవుతుందో చెప్పేది ధ్వనిని తరంగాలుగా విడదీసి చూపే ఫోరియర్ గణితం. అన్నట్టు, మృదంగం మీద చతురస్ర గతి వాయించిన చేతికి ఈ నాలుగు భాగాల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మృదంగం ఎందుకు మాన్పించారు సార్? పదో తరగతి మార్కులకు అది అడ్డమని ఎవరు చెప్పారు?

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. బీటెక్ పూర్తిచేస్తే సంగీతం తలుపు మూసుకుపోదు. పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ సౌండ్ కోర్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్, ఆపైన ఒక డిగ్రీ ఉండాలి. మీవాడికి ఒకటి ఉంది, రెండోది సగంలో ఉంది. సినిమా సౌండ్, గేమ్ ఆడియో, ఆడియో సాఫ్ట్‌వేర్ పనులకు ఈసీఈ పునాది పనికొస్తుంది. బీటెక్ వదిలేస్తే మాత్రం ఆ డిప్లొమా తప్ప చేతిలో ఏమీ ఉండదు. పాటలు చేయడానికి కావాల్సింది వాడి దగ్గరున్న ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్, ఒక సాఫ్ట్‌వేర్. వేసవి సెలవుల్లోగా ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా పూర్తిచేయమనండి. సగంలో వదిలేసిన పాటలు ప్రతి హాస్టల్ గదిలోనూ ఉంటాయి, పూర్తయినవే అరుదు. పూర్తయిన పాటతో, పాసైన రెండు సబ్జెక్టులతో వస్తే అప్పుడు మళ్ళీ రాయండి. మీవాణ్ణే రాయమంటే ఇంకా మంచిది.

చేయి దాటిపోయాడని మీరు కుమిలిపోతున్నట్టున్నారు. చేయి దాటినవాడు ఇంటికొచ్చి కోర్సు పేరు, ఊరు, ఫీజుతో సహా చెప్పి గొడవపడడు, చెప్పకుండా వెళ్ళిపోతాడు. మీవాడు ఇంకా మిమ్మల్నే అడుగుతున్నాడు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు వాడి హెడ్‌ఫోన్స్ అడిగి ఒక పాట మొత్తం వినండి. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, మధ్యలో తీసేయకండి. ఆ తర్వాత సప్లీ ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడో అడగండి.