లోఫోటెన్ మత్స్యకార పల్లెల్లో ఎర్ర గుడిసెలు కాక చూడవలసింది ఏముంది?

జూలైలో అమ్మానాన్నలతో కలిసి నార్వేలోని లోఫోటెన్ దీవులకు వెళ్తున్నామని, నూస్‌ఫ్యూర్ పల్లెలో అడుగు పెట్టడానికే రుసుము అడుగుతున్నారని, ఫోటోల్లో కనిపించే ఎర్ర గుడిసెలు తప్ప అక్కడ వారసత్వం అనదగినది ఏముందని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా నార్వేలో ఉన్న రోజుల్లో నేను ఆ పల్లెలను మార్చిలో ఒకసారి, నడివేసవిలో మరొకసారి చూశాను. రెండు కాలాలకూ చాలా తేడా ఉంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

రోర్‌బు అని పిలిచే ఆ గుడిసెల్లో ఊరివాళ్లు కాపురం ఉండేవారు కాదు. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ వరకు బారెంట్స్ సముద్రంలోని కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి లోఫోటెన్ తీరానికి వలస వస్తాయి. వాటి కోసం ఉత్తర నార్వే తీరమంతటి నుంచీ తెరచాప పడవల్లో వేలాదిగా తరలివచ్చిన జాలర్లు ఆ నాలుగు నెలలూ తలదాచుకున్న చోటు రోర్‌బు. 12వ శతాబ్దం తొలినాళ్లలోనే నార్వేను ఏలిన ఐస్టైన్ రాజు లోఫోటెన్‌లోని వాగన్ ప్రాంతంలో ఇటువంటివి కట్టించాడు. సగం బండ మీద, సగం నీళ్లలో దిగిన గుంజల మీద నిలిచిన ఆ ఇరుకు కొట్టులోనే వంట, పడక, గాలాలకు ఎర గుచ్చడం, తడి బట్టలు ఆరేసుకోవడం అన్నీ సాగేవి. ఇప్పుడు అవే గుడిసెలను మెత్తటి పరుపులు వేసి పర్యాటకులకు అద్దెకిస్తున్నారు. అద్దె చూస్తే ఆనాటి జాలరి గుండె ఆగిపోయేది.

ఆ పల్లెల్లో గుడిసెల కంటే ముందు నేను చూడమనేది ఊరి యజమాని ఇంటిని. చవకగా దొరికే ఎర్రమట్టి రంగును చేపనూనెలో కలిపి గుడిసెలకు పూసేవారు. ఖరీదైన తెల్ల రంగు పెద్దింటికి దక్కేది. నేల, రేవు, గిడ్డంగి, దుకాణం అన్నీ ఆ ఒక్క కుటుంబానివే. జాలరికి గుడిసె ఇచ్చేదీ, సరుకులు అరువిచ్చేదీ, పట్టిన చేపను తాను చెప్పిన ధరకు కొనేదీ ఆయనే కాబట్టి, వేట బాగా సాగిన ఏడాది కూడా బాకీ పూర్తిగా తీరేది కాదు. 1816 నాటి చట్టం ఊరి ముందున్న సముద్రం మీద కూడా యజమానులకే పెత్తనం కట్టబెట్టింది. 1857లో మరో చట్టం దాన్ని తొలగించింది. అయినా ధర విషయంలో జాలరి మాటకు నిజమైన బలం వచ్చింది 1938 నాటి పచ్చి చేపల చట్టంతోనే. అప్పటి నుంచి మొదటి అమ్మకం మత్స్యకారుల సొంత సంఘాల ద్వారా, అవి నిర్ణయించిన కనీస ధరకు సాగుతోంది. ఈ సంగతి తెలిసి చూస్తే తెల్లటి పెద్దిల్లు ఎత్తున, ఎర్ర గుడిసెలు నీటి అంచున ఎందుకున్నాయో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక ఎండుచేప. మన తీరంలో ఎండబెట్టే ముందు ఉప్పు పట్టించడం మామూలే కానీ, అక్కడ ఉప్పు రేణువైనా వేయరు. తల, పేగులు తీసేసిన చేపలను తోకల దగ్గర జంటగా కట్టి, కర్రల పందిళ్ల మీద ఫిబ్రవరి నుంచి మే దాకా వేలాడదీస్తారు. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్నా, వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల అక్కడి చలి గడ్డకట్టే స్థాయికి అటూ ఇటూగా ఉంటుంది: మరీ చలి అయితే చేప కండ పాడవుతుంది, వేడెక్కితే ఈగలు వాలతాయి. బరువు ఐదో వంతుకు తగ్గిన చేప చెక్కలా బిగుసుకుపోతుంది. అప్పుడు అనుభవజ్ఞుడైన తనిఖీదారు ఒక్కొక్కదాన్ని చేత్తో తడిమి, వాసన చూసి తరగతులుగా వేరు చేస్తాడు. మేలురకం చాలావరకు ఇటలీకి వెళ్తుంది. 1432లో ఓడ మునిగి లోఫోటెన్ కొసనున్న రోస్ట్ దీవికి చేరిన వెనిస్ వర్తకుడు పియెత్రో క్వెరీని ఈ చేపను తమ దేశానికి పరిచయం చేశాడని ఇటాలియన్లు చెప్పుకుంటారు. ఎండిన తలలు నైజీరియాకు, అక్కడి పులుసుల్లోకి పోతాయి. మార్చిలో నేను రేవులో చూసిన దృశ్యం మరొకటి: బడి వదిలిన పిల్లలు నిలువు మేకుకు చేప తలను గుచ్చి, ఒక్క కోతతో నాలుకను తీసి బకెట్లో వేస్తున్నారు. ఆ నాలుకలు అమ్ముకున్న డబ్బు వాళ్లదే. అక్కడ అదొక పాత ఆనవాయితీ.

జూలైలో ఈ సందడి మీకు కనిపించదు, పందిళ్లు దాదాపు బోసిగా ఉంటాయి. అందుకని E10 రహదారి చివరనున్న ‘ఓ’ అనే పల్లెలోని మత్స్యకార గ్రామ మ్యూజియానికి ముందు వెళ్లండి. పడవల కొట్టం, కాడ్ లివర్ ఆయిల్ తీసిన పాత కేంద్రం, 1844 నాటి బేకరీ అక్కడ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. మీ అమ్మగారికి నీచు వాసన పడకపోతే నూనె కేంద్రాన్ని వదిలేసి బేకరీలో కూర్చోబెట్టండి. నూస్‌ఫ్యూర్ విషయానికి వస్తే, 1975 ఐరోపా వాస్తు వారసత్వ సంవత్సరంలో రోరోస్, స్టావంగర్ పట్టణాలతో పాటు నార్వే ఎంచుకున్న మూడు పరిరక్షణ నమూనా ప్రాజెక్టుల్లో అదొకటి. రేవు, గిడ్డంగులు, గుడిసెలు ఒకచోట చెక్కుచెదరకుండా ఉండటం దాని ప్రత్యేకత. నా దృష్టిలో ఆ రుసుము అన్యాయం కాదు, కానీ ఒక్కచోటికే సమయం ఉంటే డబ్బు ‘ఓ’ పల్లెలోని ఆ మ్యూజియానికే పెట్టండి. నూస్‌ఫ్యూర్‌కు వెళ్తే మాత్రం పర్యాటకుల బస్సులు రాకముందే, పొద్దున్నే వెళ్లండి.